కథ కంచికి చేరే వేళ: దాజీ పేట్ నేతవారి వీరగాథలూ వాటి ముగింపులూ

సోలాపూర్ నగరపు తూర్పు పేటల చరిత్రను రాసినవారు ఎక్కువగా నూలు ధరల గురించి, మగ్గాల లెక్కల గురించి, మిల్లుల సమ్మెల గురించి రాశారు. నేత మీదే పుట్టి నేత మీదే బతికిన పేటలకు ఆ చరిత్ర అవసరమే గాని, పగలంతా మగ్గం గుంటలో కాళ్లు దించుకుని కూర్చున్న మనిషి రాత్రిపూట ఏ వీరుడి కథ విన్నాడు, ఆ కథ ఎన్ని రాత్రులు సాగింది, అది ముగిసినప్పుడు అతను ఏం చేశాడు అన్న సంగతులు ఆ లెక్కల్లోకి రాలేదు. ఇటీవల, ఏళ్ల తరబడి భాగాలుగా వచ్చిన వీరగాథా చిత్రాల చివరి భాగం విడుదలైనప్పుడల్లా, చిన్ననాటి నుంచి ఆ వీరుణ్ణే నమ్ముకున్న అభిమాని పడే ఆరాటాన్ని, పెట్టే కన్నీటిని, చూసిన సినిమాకే మళ్లీ మళ్లీ టికెట్టు కొనడాన్ని పత్రికలు కొత్త వింతగా వర్ణించాయి. ఆ తూర్పు పేటల్లో ఒకటైన దాజీ పేట్ వైపు నుంచి చూస్తే అందులో కొత్తది కొంతే. మిగిలినదంతా తెలంగాణ పల్లెల నుంచి నేతవారు మూటగట్టుకుని వచ్చిన ఆచారమే.

దాజీ పేట్‌లోనూ, దాని చుట్టుపక్కల సాఖర్ పేట్, భద్రావతి పేట్, కన్నా చౌక్, అశోక్ చౌక్ ప్రాంతాల్లోనూ తెలుగు ఇంటిమాటగా నిలిచి ఉండటానికి కారణం నేతకులమైన పద్మశాలీల వలస. నిజాం రాజ్యంలోని కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మెదక్, మహబూబ్‌నగర్ ప్రాంతాల నేతవారు పందొమ్మిదో శతాబ్దంలో గుంపులు గుంపులుగా పడమటికి కదిలారు. మిల్లుబట్ట వచ్చి పల్లె మగ్గం గిరాకీని దెబ్బతీయడం, 1876-78 నాటి కరువు దక్కనును పీల్చి పిప్పి చేయడం వారిని ఊళ్ల నుంచి తరిమిన కారణాలైతే, 1860 ప్రాంతంలో సోలాపూర్‌కు రైలు చేరడం, 1877లో అక్కడ మొదటి బట్టల మిల్లు పని మొదలుపెట్టడం, మరాఠీ స్త్రీలు కట్టే తొమ్మిది గజాల చీరకు ఆ ఊరు పెద్ద సంతగా ఎదగడం వారిని రమ్మని పిలిచిన కారణాలు. వచ్చినవారిలో కొందరు మిల్లుల్లో చేరారు. చాలామంది చేతిమగ్గాల కార్ఖానాల్లో కుదిరారు. అక్కడ నడిచింది ఆసామీ పద్ధతి, అంటే కార్ఖానాదారు ఆవరణలోనే మగ్గం, అక్కడే నేతగాడి కాపురం, ముందుగా తీసుకున్న బాకీ తీరేదాకా ఆ యజమానిని విడిచి పోలేకపోవడం. ఇంటి ఆడవారి చేతుల్లోకి కాలక్రమంలో తునికాకు, తంబాకు వచ్చి, బీడీలు చుట్టడం మగ్గానికి తోడు సంపాదన అయింది.

ఈ జనం వెంట వచ్చిన వీరుడి పేరు భావనారుషి. మృకండు మహర్షి కొడుకైన మార్కండేయుడు పదహారేళ్ల ఆయుష్షుతో పుట్టి, శివలింగాన్ని కావలించుకుని యముణ్ణి గెలిచాడన్నది దేశమంతా తెలిసిన కథ. పద్మశాలీల పురాణం అక్కడితో ఆగదు. మార్కండేయుడి యజ్ఞగుండం నుంచి భావనారుషి పుట్టాడనీ, విష్ణువు నాభికమలపు తూడు నుంచి తీసిన దారంతో దేవతలకు తొలి వస్త్రం నేశాడనీ, సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్లాడాడనీ, పులినెక్కి తిరిగాడనీ, కాలవాసురుడనే రాక్షసుణ్ణి వధించాడనీ అది చెబుతుంది. సోలాపూర్‌లో ఒక పేటకు భద్రావతి పేరు ఉండటం ఈ కథ తెలిసినవారికి వింతగా తోచదు. అద్భుతమైన పుట్టుక, మనుషులకు లేని శక్తి, చూడగానే గుర్తుపట్టగల వాహనం, సరిజోడైన శత్రువు, ఇవన్నీ ఈనాడు సూపర్‌హీరో అని పిలుస్తున్న వీరుడికి, అంటే మానవాతీత శక్తితో లోకాన్ని కాపాడే కల్పిత నాయకుడికి, తప్పనిసరిగా ఉండే లక్షణాలే. తేడా ఒక్కటే. భావనారుషి ఘనత యుద్ధంలో కన్నా పనిలో ఎక్కువ. అతను దేవతలకు చేసి పెట్టిన పనినే అతని కథ వినేవాడు తెల్లవారి లేచి కూలికి చేస్తాడు.

ఈ కథను చెప్పే హక్కు కూనపులి వారిది. తెలంగాణలో ఒక్కో కులానికి దాని పురాణాన్ని పాడే ఆశ్రిత కులం ఒకటి ఉంటుంది. ముదిరాజులకు కాకిపడగల వారు, మాదిగలకు డక్కలి వారు ఉన్నట్టే పద్మశాలీలకు కూనపులి వారు. వారి చేతిలోని సాధనం పటం. చేర్యాల ప్రాంతపు నకాషీ చిత్రకారులు మగ్గం మీద నేసిన ముతక గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపిన పూత పెట్టి, ఆరాక దాని మీద ఎర్రటి నేల వేసి, ఒకదాని కింద ఒకటిగా గళ్లు గీసి, గడికొక ఘట్టం చొప్పున కథంతా బొమ్మలు కట్టేవారు. వెడల్పు మూడడుగులకు అటూ ఇటూ ఉన్నా పొడవు ముప్పై అడుగుల నుంచి అరవై అడుగుల దాకా సాగేది కనుక, పటాన్ని ఒకేసారి పరిచి చూపడం సాధ్యమయ్యేది కాదు. నిలువునా వేలాడదీసి, ఒక్కో గడిని విప్పుతూ, పుల్లతో బొమ్మను చూపుతూ, తాళం మీద పాడుతూ రాత్రికి ఇంత అని కథ నడిపేవారు. నిన్నటి రాత్రి ఎక్కడ ఆగిందో పటమే గుర్తు పెట్టుకునేది. చూపినది ఒక వైపు చుట్టుకుపోతూ, చూపవలసినది మరో వైపు చుట్టలో దాగి ఉండే ఈ పనిముట్టు కన్నా భాగాలుగా చెప్పే కథకు తగిన పనిముట్టును ఊహించడం కష్టం.

అయితే చుట్టలో దాగి ఉన్నది ఎవరికీ రహస్యం కాదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. కాలవాసురుడు చస్తాడని పసిపిల్లలకూ తెలుసు. ముందేం జరుగుతుందో అన్న ఆదుర్దా వారిని పటం ముందు కూర్చోబెట్టలేదు. తెలిసినదాన్ని తమ కులపువారందరితో కలిసి, తమ ఖర్చుతో, మరొకసారి జరిపించడానికి కూర్చున్నారు. అందుకే ముగింపు రాత్రి విషాదానికి తావు ఉండేది కాదు. కథకు మంగళం పాడి, హారతి పట్టి, చెప్పినవారికి బట్టలు, ధాన్యం, డబ్బు కట్నంగా ఇచ్చి పంపడం ఆ రాత్రి పని. తెలంగాణలో చేతిలో చిరుతలు పట్టుకుని ఊరివారే వేషాలు కట్టి ఆడే చిరుతల రామాయణంలోనూ పద్ధతి ఇదే: రావణవధతో ఆట ఆగదు, పట్టాభిషేకం దాకా నడవాలి, ఊరు కదిలి వచ్చేది ఆ రోజుకే. చంపడం కథకు ముగింపు కాదని, చంపిన తర్వాత లోకం తిరిగి సర్దుకోవడమే ముగింపని ఈ సంప్రదాయం గట్టిగా నమ్మింది.

పటానికి కూడా ఒక ముగింపు ఉండేది. ఏళ్ల తరబడి విప్పి చుట్టి, రంగు రాలి, గుడ్డ చిరిగిన పటాన్ని మూల పారేయకుండా, కొత్తది చేయించుకున్నాక పాతదానికి మనిషికి చేసినట్టే అంత్యక్రియ జరిపి నదిలో కలిపేవారు. ఈ ఆచారం వల్లనే పాత పటాలు నేడు అరుదు. 1625 నాటిదిగా గుర్తించిన ఒక మార్కండేయ పురాణ పటం హైదరాబాద్‌లోని జగదీశ్, కమలా మిట్టల్ కళా సంగ్రహంలో మిగిలి ఉండటం ఆ నియమాన్ని తప్పించుకున్న అదృష్టమనే చెప్పాలి. కథకు మరణం లేదు గాని కథను మోసిన వస్తువుకు ఉంది, దానికి దక్కవలసిన మర్యాదా ఉంది.

సోలాపూర్ వలస ఈ అమరికను కదిలించింది. కూనపులి వారి హక్కు మిరాశీ, అంటే ఫలానా ఊళ్లు ఫలానా కుటుంబానికి అని తరతరాలుగా పంచుకున్న వంతు. ఊళ్లకు కట్టిన హక్కు ఊళ్లు విడిచిన మనుషుల వెంట నడిచి రావడం తేలిక కాదు. వచ్చినవారు తమ వీరుణ్ణి వేరే రూపాల్లో నిలుపుకున్నారు. సిద్ధేశ్వర్ పేట్‌లో మార్కండేయ మందిరం, దాజీ పేట్‌లో వేంకటేశ్వర దేవస్థానం వెలిశాయి. తెలుగువారు జంధ్యాల పౌర్ణమి అనీ మరాఠీవారు నారళీ పౌర్ణమి అనీ పిలిచే శ్రావణ పున్నమి నాడు మార్కండేయుడి రథోత్సవం తూర్పు పేటల గుండా సాగడం ఊరి పెద్ద పండుగల్లో ఒకటి అయింది. రాత్రుల తరబడి విన్న కథ ఆ విధంగా ఏడాదికొక్క పగలు వీధిలో చూసే ఊరేగింపుగా ముడుచుకుంది. స్వాతంత్ర్యం తర్వాత చేతిమగ్గాల చోటును సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆక్రమించి, చీరలకు బదులు దుప్పట్లు, తువ్వాళ్లు నేయడం పెరిగాక మార్పు ఇంకా గట్టిపడింది. సాంచాల చప్పుడులో పక్కవాడి మాట వినబడదు. పాళీల మీద పనిచేసేవాడు వారం రాత్రులు వరుసగా ఒక కథకు ఇవ్వలేడు. మూడు గంటల్లో మొదలై మూడు గంటల్లో ముగిసే సినిమా అటువంటి మనిషి దినచర్యలో సులభంగా ఇమిడిందనుకోవచ్చు.

తెలుగు సినిమా తన తొలి దశాబ్దాల్లో పాత మర్యాదను చాలావరకు పాటించింది. 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్ తీసిన విజయా సంస్థ వెనుక ఉన్న నాగిరెడ్డి, చక్రపాణి అంతకు ముందే, 1947లో, చందమామ పత్రికను మొదలుపెట్టారు. 1952 నుంచి అదే పత్రిక చాందోబా పేరుతో మరాఠీలోనూ వచ్చింది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ మాట్లాడే సోలాపూర్ పిల్లలకు ఈ ఏర్పాటు ఎంత అక్కరకు వచ్చి ఉంటుందో చెప్పనక్కరలేదు: తల్లిదండ్రులు తెలుగులో చెప్పుకునే కథలనే, అవే బొమ్మలతో, వారు మరాఠీ అక్షరాల్లో చదువుకోగలిగారు. ఆ పత్రికలోని విక్రమార్కుడు ప్రతి నెలా శవాన్ని భుజాన వేసుకుని, ప్రశ్నకు జవాబు చెప్పి, మౌనం చెడి, శవం తిరిగి చెట్టెక్కగా మొదటికి వచ్చేవాడు. దశాబ్దాల పాటు ముగియకుండానే పాఠకులను నిలుపుకున్న పరంపర అది; ముగింపు కోసం తహతహ లేకుండా ఒక వీరుడి వెంట జీవితమంతా నడవవచ్చని ఒక తరానికి నేర్పింది.

తెర మీద నందమూరి తారక రామారావు కృష్ణుడుగా, రాముడుగా, భీముడుగా, కర్ణుడుగా మళ్లీ మళ్లీ వచ్చినప్పుడూ ప్రేక్షకుడికి కథ ముందే తెలుసు. సినిమా చివర తెర నిండా ‘శుభం’ అన్న అక్షరాలు పడేవి. మంగళహారతికి తెర మీద దొరికిన స్థానం అది. ఆయనే 1980లో ‘సూపర్ మ్యాన్’ అనే చిత్రంలో నటించినప్పుడు, అమెరికా వీరుడి దుస్తులు తొడిగించినా, ఆ శక్తికి మూలంగా ఆంజనేయుడి అనుగ్రహాన్నే చూపారు. మరో గ్రహం నుంచి వచ్చిన బలం కన్నా ఆంజనేయుడిచ్చిన బలాన్ని తెలుగు ప్రేక్షకుడు సులభంగా నమ్ముతాడని తీసినవారికి తెలుసు.

కథ ముగియడాన్ని జనం ఒప్పుకోకపోవడానికి ఈ దేశంలో ఒక స్పష్టమైన ఉదాహరణ టెలివిజన్‌లో దొరుకుతుంది. రామానంద్ సాగర్ రామాయణం దూరదర్శన్‌లో 1987 జనవరి 25న మొదలై 1988 జులై 31న పట్టాభిషేకంతో ముగిసినప్పుడు, వాల్మీకిని తమ మూలపురుషుడిగా కొలిచే ఉత్తర భారత పారిశుద్ధ్య కార్మికులు, వాల్మీకి ఆశ్రమంలో జరిగే ఉత్తరకాండను కూడా చూపాలని పనులు మానేశారు; తర్వాత ఉత్తర రామాయణం ప్రసారమైంది. కూలి కోసం సమ్మెలు చూసిన సోలాపూర్ వంటి ఊరికి కథ కోసం చేసిన ఈ సమ్మె అర్థం కానిది కాదు. కులపురాణం మీద హక్కు కులానిదే అన్న పాత సూత్రమే అక్కడ కొత్త ఆయుధం పట్టింది.

2015 జులై 10న, తెలిసిన కథను శుభంతో ముగించే ఆనవాయితీకి అడ్డుకట్ట పడింది. రాజమౌళి దర్శకత్వంలో, విజయేంద్ర ప్రసాద్ కథతో వచ్చిన బాహుబలి మొదటి భాగం శుభం పలకకుండా, వీరుణ్ణి చంపింది తానేనని నమ్మిన బంటు కట్టప్ప చెప్పే మాట దగ్గర ఆగిపోయింది. కారణం తెలియడానికి 2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. పటం చుట్టలో ఉన్నదేమిటో ప్రేక్షకులకు తెలియని స్థితి ఇది. ఆ తెలియనితనమే సరుకుగా అమ్ముడుపోయింది. కట్టప్ప ప్రశ్న రెండేళ్ల పాటు టీ కొట్ల దగ్గర, బడుల్లో, రాజకీయ సభల్లో ఛలోక్తిగా తిరిగింది. తెలుగులోనూ హిందీలోనూ ఒకేసారి విడుదలైన సినిమా కాబట్టి సోలాపూర్ వంటి ఊళ్లో ఒకే ఇంటివారు తమకు చేతనైన భాషలో దాన్ని చూసే వీలు కలిగింది.

ఇక్కడే చరిత్రకారుడు ఆగి చూడవలసిన సంగతి ఉంది. రాజమాత శివగామి ఆజ్ఞకు కట్టుబడి కట్టప్ప ఆ పని చేశాడన్న జవాబు మొదటాట ముగిసిన గంటలోనే అందరికీ తెలిసిపోయింది. రహస్యం కోసమే జనం వచ్చి ఉంటే మర్నాటికి థియేటర్లు ఖాళీ కావాలి. అలా జరగలేదు, ఆ రెండో భాగం దేశంలో వెయ్యి కోట్ల రూపాయలు దాటిన తొలి భారతీయ చిత్రమైంది. కటౌట్లకు పాలాభిషేకం చేసి, కొబ్బరికాయ కొట్టి, చించిన కాగితాలు ఎగరేసి మొదటాట చూసిన అభిమాని రెండోసారి, మూడోసారి వెళ్లినప్పుడు అతనికి దాచిన విషయం ఏదీ మిగలలేదు. అతను వెళ్లింది కొత్త కథను పాత కథగా మార్చుకోవడానికి. ఎన్నోసారి చూసినప్పటికి గాని కట్టప్ప కత్తి కాలవాసుర వధలా ముందే తెలిసిన, తెలిసి ఎదురుచూసే ఘట్టం కాదు. సినిమా కూడా లోపల పాత నియమానికే తలవంచింది: ప్రతినాయకుడైన భల్లాలదేవుడి వధతో ఆగకుండా మహేంద్ర బాహుబలి పట్టాభిషేకం దాకా నడిచింది.

2019 ఏప్రిల్ 26న విడుదలైన ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ మరో రకం పరీక్ష. 2008లో ‘ఐరన్ మ్యాన్’తో మొదలైన మార్వెల్ చిత్రాల వరుసలో అది 22వది, పదేళ్ల వయసులో మొదటిది చూసినవాడు ఇరవై ఒకటో ఏట దీన్ని చూశాడు. అంతకు ముందటి సంవత్సరం వచ్చిన భాగంలో థానోస్ అనే ప్రతినాయకుడికి తెలుగులో దగ్గుబాటి రానా గొంతు ఇచ్చాడు గనుక, బాహుబలిలో అతను వేసిన భల్లాలదేవుడి గొంతే లోకాన్ని సగం చేస్తానని బెదిరించడం తెలుగు అనువాదం చూసినవారికి ప్రత్యేకంగా దక్కిన వినోదం. కథను ముందే బయటపెట్టవద్దని దర్శకులైన రూసో సోదరులు ప్రేక్షకులకు బహిరంగంగా లేఖ రాశారు. పటం ముందు కూర్చున్నవారికి ఇటువంటి వేడుకోలు అర్థమయ్యేదే కాదు.

అసలు చిక్కు ముగింపులో ఉంది. ఐరన్ మ్యాన్ లోకాన్ని కాపాడి తాను చనిపోతాడు, అతనికి అంత్యక్రియ జరుగుతుంది, సినిమా కొంతసేపు ఆ దుఃఖం దగ్గరే నిలుస్తుంది. యముణ్ణి ఓడించిన బాలుడికి గుడి కట్టుకున్న సమాజంలో పెరిగిన కుర్రవాడికి వీరుడు చావడమన్నది తేలికగా మింగుడుపడే ముగింపు కాదు. కర్ణుడు చస్తాడు, అభిమన్యుడు చస్తాడు. కాని వారి చావులు భారతంలో మధ్య ఘట్టాలే గాని కథకు ముగింపులు కావు. వరుసలోని మిగిలిన చిత్రాల్లో పేర్లన్నీ పోయాక రాబోయే భాగానికి సూచనగా ఒక చిన్న దృశ్యం చూపడం అలవాటు. దాని కోసం అభిమానులు దీపాలు వెలిగినా కుర్చీలు వదలరు. ఎండ్‌గేమ్‌లో ఆ దృశ్యం లేదు. బదులుగా ఇనుము మీద సుత్తి పడే చప్పుడు వినిపిస్తుంది. మొదటి చిత్రంలో ఆ వీరుడు గుహలో బందీగా ఉండి తన కవచాన్ని తానే కొట్టుకున్న చప్పుడు అది. అతని శక్తి వరంగా వచ్చింది కాదు, చేతిపనితో వచ్చింది. మార్వెల్ వీరుల్లో భావనారుషికి బంధువు ఎవరని అడిగితే ఇతణ్ణే చూపవచ్చు.

ముగింపు తెలిశాక కూడా వదలకపోవడమే జీవితకాలపు అభిమానికి గుర్తు అనడానికి ఆ తర్వాతి ఏళ్లు మరింత సాక్ష్యం ఇచ్చాయి. 2022 ఆగస్టులో మహేశ్‌బాబు పుట్టినరోజుకు ‘పోకిరి’ని తిరిగి విడుదల చేసినప్పుడు మొదలైన ఒరవడిలో పాత చిత్రాలు వరుసగా థియేటర్లకు వచ్చాయి. తెర మీది మనిషి నోరు తెరవకముందే హాలంతా ఆ సంభాషణను పలికింది. పాటకు లేచి ఆడింది. చిట్టచివరి మలుపుకు ఆశ్చర్యపోయినవాడు ఒక్కడూ లేడు. పటంకథ విన్నవారు ఆ హాలులో ఉంటే ఆ గోలను తప్ప మరి దేన్నీ కొత్తగా భావించేవారు కారు.

2025 అక్టోబర్ 31న బాహుబలి రెండు భాగాలనూ కుదించి, కలిపి, మూడున్నర గంటలకు పైగా నిడివితో ఒకే చిత్రంగా విడుదల చేశారు. కొన్ని పాటలు, కొన్ని ఘట్టాలు పోయాయి. కట్టప్ప ప్రశ్నకూ దాని జవాబుకూ మధ్య ఉన్న దాదాపు రెండేళ్ల ఎడం కూడా పోయి, అడిగిన సినిమాలోనే జవాబు దొరికింది. 2015లో పదేళ్ల పిల్లలుగా చూసినవారు అప్పటికి ఇరవై ఏళ్లవారు; ఆ ఎదురుచూపును ఎరగని చిన్నవారిని వెంటబెట్టుకుని వెళ్లిన పెద్దలకు, ఏ గడి తర్వాత ఏ గడి విచ్చుకుంటుందో పక్కనున్నవారికి చెప్పే కూనపులి వారి పని దక్కింది.